దారి ఖాళీయేనా?

మా గంగారం వెళ్ళే బస్సు ఎన్నడూ అనుకున్న వేళకు చేరదు. నర్సంపేట దాటి, పాకాల అడవి దాటి, కొత్తగూడ మీదుగా పోయే ఆ దారిలో సాయంకాలం పూట పశువులు మందలు మందలుగా ఇళ్ళకు మళ్ళుతుంటాయి. డ్రైవరు హారను కొట్టి కొట్టి విసిగి, చివరకు ఇంజను ఆపి చేతులు కట్టుకొని కూర్చుంటాడు. మందలో ఆఖరి దూడ వెనక్కు తిరిగి బస్సు వంక ఒక చూపు చూసి, తీరుబడిగా దారి దిగిపోతుంది. అప్పుడు గాని బస్సు కదలదు. ఇందులో ఎవరికీ నష్టం లేదు, కాస్త ఆలస్యం తప్ప. బస్సుకు ఆగే వీలున్నది గనుక మనుషులూ పశువులూ బళ్ళూ ఒకే దారిని పంచుకొని బ్రతుకుతున్నాం.

మరి, ఆగే వీలు లేని బండి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న నా బుర్రలో పుట్టింది కాదు. పుట్టించినవాడు మా మేనమామ. ఆయనది వరంగల్లు పక్కన మామునూరు దగ్గరి పల్లె. నిజాం ప్రభువు ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930 ప్రాంతంలో, అక్కడ ఒక విమానాల మైదానం ఏర్పడింది. 1981 తరువాత అక్కడికి ప్రయాణికుల విమానాలు రావడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో ఒక తరం పుట్టి పెరిగింది. మళ్ళీ అక్కడ విమానాశ్రయం నెలకొల్పడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చిందని 2025 ఫిబ్రవరిలో పత్రికలు రాసినప్పుడు, మా మామకు ఆనందమూ కలిగింది, అనుమానమూ కలిగింది.

"ఏందిరా అల్లుడా, ఇగ బర్లను అటు దిక్కు తోలొద్దంటున్నరు. విమానం ఆకాశంల పోతది, నా బర్రె నేల మీద మేస్తది. రెంటికీ పంచాయితీ యాడిది?" అన్నాడు.

నేను నవ్వి వూరుకున్నాను. నిజం చెప్పవలసి వస్తే, ఆ పూట ఆయనకు సరైన సమాధానం ఇవ్వగల జ్ఞానం నాకు లేదు. నేను కళాశాలలో తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. విమానంలో కిటికీ పక్క కూర్చోవడం తప్ప విమానం గురించి నాకు తెలిసింది తక్కువ. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. చదువుతూ పోగా తెలిసి వచ్చిన విషయం నన్ను ఆశ్చర్యపరచింది. విమాన ప్రమాదం అనగానే మనకు మేఘాలూ పిడుగులూ కొండలూ తోస్తాయి. అయితే పౌర విమానయాన చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువమందిని బలిగొన్న ప్రమాదం ఆకాశంలో జరగలేదు, నేల మీద జరిగింది. దానికి మూలం యంత్రం చెడిపోవడం కూడా కాదు. మాట సరిగా అందకపోవడం!

ఒంటిదారి

ముందుగా రన్‌వే అంటే ఏమిటో చూద్దాం. విమానం పరుగు తీసి లేవడానికీ, దిగి పరుగు తగ్గించుకోవడానికీ వేసిన తిన్నని బాట అది. శంషాబాదులో 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4260 మీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాట. విమానం నిలిచే చోటునుండి ఆ బాట దాకా నడిచే దారులను టాక్సీవేలంటారు. అవి ఇంటిచుట్టూ వుండే సందుల వంటివి. రన్‌వే మాత్రం రహదారి.

ఆ రహదారి మీద మామూలు ప్రయాణికుల జెట్టు విమానం గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. మనం ఒకసారి కనురెప్ప మూసి తెరిచి, "అయ్యో" అనేలోపల, అంటే ఒక్క సెకనులో, అది డెబ్బయి మీటర్లు దాటిపోతుంది. పైగా లేవడానికి పరుగు తీస్తున్న విమానానికి ఒక నిర్ణయవేగం వుంటుంది. ఆ వేగం దాటిన తరువాత ఆపుదామన్నా మిగిలిన బాట చాలదు. ఇంజను చెడినా సరే, లేచి తీరవలసిందే. అటువంటి సమయంలో ఎదుట ఒక విమానమో, ఒక జీపో, ఒక మనిషో, మా మామ బర్రెయో ప్రత్యక్షమైతే ఏమి చెయ్యాలి? పక్కకు తిప్పడానికి అది ఎడ్లబండి కాదు.

అందుచేత రన్‌వేకు వున్న మూలసూత్రం ఒక్కటే: ఒకరు వాడుకుంటున్నప్పుడు మరొకరు అందులో వుండకూడదు. ఈ సూత్రం మనకు కొత్తది కాదు. ఒంటిదారి రైలుమార్గాల మీద వెనుకటి పద్ధతి మన పెద్దవాళ్ళకు తెలుసు. రెండు స్టేషన్ల మధ్య ఒకటే పట్టా. స్టేషను మాస్టరు యంత్రంలోనుండి తీసి ఇచ్చిన ఇనుప గుండు డ్రైవరు చేతికి వస్తేగాని బండి కదలడానికి వీల్లేదు. ఒక గుండు బయట వున్నంతసేపు ఆ యంత్రం రెండో గుండును ఇవ్వదు. గుండు చేతిలో వున్నదంటే దారి తనది. లేదంటే ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్సయినా నిలబడవలసిందే.

విమానాశ్రయంలో ఆ గుండు లేదు. దానికి బదులుగా వున్నది మాట. అద్దాల టవరులో కూర్చున్న కంట్రోలరు రేడియోలో ఇచ్చే అనుమతి. ఇనుప గుండును చేతితో తడిమి చూసుకోవచ్చు. మాటను తడిమి చూడలేం. చిక్కంతా ఇక్కడ వున్నది.

అనుమతి లేకుండా, లేదా పొరపాటుగా, విమానం గాని బండి గాని మనిషి గాని రన్‌వే రక్షిత ప్రదేశంలోకి రావడాన్ని విమానయాన భాషలో "రన్‌వే ఇన్‌కర్షన్" అంటారు. ప్రమాదం జరిగినా జరగకపోయినా, తప్పుగా అక్కడ వుండటమే ఒక ఘటన కింద లెక్క. దాన్ని నమోదు చేసి, ఎంత దగ్గరగా తప్పిపోయిందో బట్టి తరగతులుగా విడదీసి విచారిస్తారు. గండం గడిచింది గదా అని వూరుకోరు.

ఒక్క విభక్తి, 583 ప్రాణాలు

1977 మార్చి 27వ తేదీ. స్పెయిను దేశానికి చెందిన కానరీ దీవులు. పెద్ద విమానాశ్రయంలో బాంబు పేలినందువల్ల అక్కడికి పోవలసిన విమానాలన్నిటినీ పక్కనే వున్న టెనెరిఫే దీవిలోని లోస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. పెళ్ళివారందరూ ఒక్క గదిలో దిగినట్టు, ఆ చిన్న చోటంతా విమానాలతో నిండిపోయింది. టాక్సీవేలు కూడా నిలిచిన విమానాలతో మూసుకుపోయినందువల్ల, బయలుదేరే విమానాలు రన్‌వే మీదుగానే చివరిదాకా నడిచిపోయి, వెనక్కు తిరిగి, అక్కడనుండి లేవవలసి వచ్చింది.

ముందు డచ్చివారి కె.ఎల్.ఎం. జంబో విమానం ఆ కొసకు చేరి తిరిగి నిలబడింది. దాని వెనుక అమెరికావారి పానామ్ జంబో అదే రన్‌వే మీద నడిచి వస్తున్నది. ఇంతలో పొగమంచు కమ్మింది. ఈ విమానానికి ఆ విమానం కనపడదు. టవరులోని కంట్రోలరుకు రెండూ కనపడవు. నేల మీది విమానాలను చూపే రాడారు అక్కడ లేదు. ముగ్గురి మధ్యా మిగిలింది రేడియోలో మాట ఒక్కటే.

కంట్రోలరు డచ్చి విమానానికి, లేచిన తరువాత ఏ దారిన పోవాలో చెప్పాడు. లేవడానికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. సహపైలటు ఆ దారిని తిరిగి అప్పజెప్పి, చివర ఒక వాక్యం చేర్చాడు. మన భాషలోకి తెస్తే అది "ఇప్పుడు మేము టేకాఫ్ వద్ద వున్నాం" అన్నట్టుగా వుంటుంది. కంట్రోలరుకు అది "లేవడానికి సిద్ధంగా నిలబడి వున్నాం" అని వినిపించింది. నిజానికి అప్పటికే విమానం పరుగు మొదలుపెట్టింది! "వద్ద" అనవలసిందా, "లో" అనవలసిందా? మా తరగతి గదిలో అయితే ఇది విభక్తి చిక్కు, ఒక మార్కు తగ్గించి వూరుకుంటాం.

కంట్రోలరు "ఓకే" అని, ఒక క్షణం ఆగి, "టేకాఫ్ కోసం వేచి వుండండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే పానామ్‌వారు "మేమింకా రన్‌వే మీదే నడుస్తున్నాం" అని మాట్లాడారు. రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ ఒకదాన్నొకటి మింగేసి కీచుమనే శబ్దం మిగులుతుంది. డచ్చి విమానంలో స్పష్టంగా వినపడ్డది ఆ "ఓకే" ఒక్కటే.

ఇంకొక అవకాశం మిగిలి వుండెను. ఆ విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు, పానామ్ ఇంకా దారిలోనే వున్నదేమో అని అనుమానం వెలిబుచ్చాడు. కెప్టెను ఆ సంస్థలో పేరెన్నిక గన్నవాడు, ఎందరికో శిక్షణ ఇచ్చినవాడు. లేదు, దారి ఖాళీయే అన్నట్టు గట్టిగా బదులిచ్చాడు. చిన్నవాడు మరి మాట్లాడలేదు. కొద్ది సెకన్లలో రెండు జంబోలూ ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. బ్రతికి బయటపడ్డ 61 మందీ పానామ్ విమానంలోనివారే.

ఆ చితాభస్మంలోనుండి కొన్ని నియమాలు పుట్టాయి. "టేకాఫ్" అనే మాటను, లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడూ తప్ప మరెక్కడా పలకకూడదు. మిగతా సందర్భాలలో "డిపార్చర్" అనాలి. "ఓకే", "సరే" అనే పొడిమాటలు చాలవు. రన్‌వేకు సంబంధించిన ఏ ఆజ్ఞనైనా పైలటు తన విమానం పేరుతో, రన్‌వే నంబరుతో సహా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పినదాన్ని కంట్రోలరు చెవి యొగ్గి వినాలి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి. మన వీధిబడి పంతుళ్ళు పాఠం అప్పజెప్పమని కూర్చోబెట్టేవారు గదా, సరిగ్గా అదే. చెప్పడంతో పంతులు పని అయిపోదు. పిల్లవాడి నోట తిరిగి విన్నప్పుడే అయినట్టు.

మూడవది మన ఇళ్ళకు కూడా వర్తించే నియమం. పెద్దవాడి మాట తప్పని తోస్తే చిన్నవాడు చెప్పి తీరాలి. పెద్దవాడు విని తీరాలి. ప్రపంచమంతటా పైలట్లకు ఇప్పుడు దీన్ని శిక్షణలో భాగంగా నేర్పుతున్నారు. పెద్దలకు ఎదురు చెప్పరాదని పెంచిన మన పిల్లలు కాక్‌పిట్‌లో కూర్చునేటప్పుడు ఆ మర్యాదను తలుపు బయట విడిచి లోపలికి పోవాలి.

నాలుగు పసుపు గీతలు

మాట ఒక్కటే చాలదని తెలుసుకున్నవారు దానికి తోడుగా కంటికి కనపడే గుర్తులు పెట్టారు. రన్‌వేలోకి ప్రవేశించే ప్రతి చోటా నేల మీద నాలుగు పసుపు గీతలు వుంటాయి. రెండు నిండుగీతలు, రెండు తెగుగీతలు. నిండుగీతలు తన వైపు వుంటే అనుమతి లేకుండా దాటరాదు. తెగుగీతలు తన వైపు వుంటే తాను రన్‌వేలో వున్నట్టు. దాటి బయటికి పోవచ్చు. మన లక్ష్మణరేఖే, కాకపోతే లోపలికి ఒక తీరు, బయటికి ఒక తీరు.

పక్కన ఎర్రని పలక మీద తెల్లని అంకెలు రన్‌వే నంబరును చెబుతాయి. ఆ నంబరులో ఒక తమాషా వున్నది. శంషాబాదు రన్‌వేకు ఒక కొసన 09 అనీ, రెండో కొసన 27 అనీ వుంటుంది. దిక్సూచి ప్రకారం తొంభై డిగ్రీలు తూర్పు, రెండువందల డెబ్బయి డిగ్రీలు పడమర. చివరి సున్న తీసేస్తే 09, 27. అంటే నంబరు చదివితే దిక్కు తెలుస్తుంది. రాత్రివేళ టాక్సీవే అంచున నీలిదీపాలు, రన్‌వే అంచున తెల్లదీపాలు వెలుగుతాయి. పెద్ద విమానాశ్రయాలలో ప్రవేశం దగ్గర నేలలోనే ఎర్రదీపాల వరుస వుంటుంది. దాన్ని స్టాప్‌బార్ అంటారు. అది వెలుగుతున్నంతసేపు, నోటితో అనుమతి వచ్చినా సరే, దాటకూడదు, ఆగి అడగాలి.

గుర్తు వుంటే చాలదు, దాని అర్థం ఇద్దరికీ తెలియాలి. 2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయంలో దట్టమైన మంచులో ఒక చిన్న విమానం దారి తప్పి వేరే టాక్సీవే పట్టింది. నేల మీద కనపడ్డ ఒక గుర్తు పేరును దాని పైలటు రేడియోలో చెప్పాడు కూడా. ఆ గుర్తు ఎక్కడ వున్నదో కంట్రోలరుకు తెలియదు. "అదేమిటి, ఎక్కడ?" అని అడిగి వుంటే కథ వేరుగా వుండేది. చిన్న విమానం రన్‌వేలోకి నడిచింది, లేస్తున్న పెద్ద విమానం వచ్చి ఢీకొన్నది. 118 మంది మరణించారు. అక్కడ నేల రాడారు ఆ రోజుకు పనిచేసే స్థితిలో లేదు.

2024 జనవరి 2న జపానులోని హానెడాలో మళ్ళీ ఒక మాట గండం తెచ్చింది. భూకంపబాధితులకు సామగ్రి తీసుకుపోవలసిన తీరరక్షక దళం విమానానికి, వరుసలో నీవు "నంబర్ వన్" అని చెప్పి, రన్‌వే అంచున ఆగే చోటిదాకా రమ్మన్నారు. రన్‌వేలోకి పోవచ్చునని దాని కెప్టెను అర్థం చేసుకున్నాడు. రన్‌వే మీదికి పోయి సుమారు నలభై సెకన్లు నిలబడ్డాడు. ఆ చోట స్టాప్‌బార్ దీపాలు మరమ్మతుల్లో వున్నాయి. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి దానిమీద పడింది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు పోయారు. పెద్ద విమానం మంటల్లో కాలిపోతున్నా, అందులోని 379 మందీ సామానులు వదిలి, సిబ్బంది చెప్పినట్టు నడిచి, ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తరువాత జపానులో "నంబర్ వన్" అనే ఆ మాట వాడకాన్ని కొంతకాలం నిలిపివేశారు.

మనింటి సంగతులు

ఇవన్నీ దూరదేశాల కథలని పాఠకులు అనుకోవద్దు. 2023 ఆగస్టు 23న ఢిల్లీలో ఒక రన్‌వే మీద దిగిన విమానాన్ని పక్క రన్‌వే దాటి పొమ్మన్నారు. అదే సమయంలో ఆ పక్క రన్‌వే మీద మరొక విమానానికి లేవడానికి అనుమతి ఇచ్చారు. దిగిన విమానం నడుపుతున్న మహిళా కెప్టెను ప్రమాదాన్ని గమనించి కంట్రోలరును హెచ్చరించింది. పరుగు ఆగింది. వందలమంది, తాము ఏమి తప్పించుకున్నామో తెలియకుండా ఇళ్ళకు చేరారు. 2024 జూన్ 8న ముంబైలో ఒక విమానం ఇంకా రన్‌వే విడిచి లేవకముందే, వెనుకనుండి మరొకటి అదే రన్‌వే మీద దిగింది. ఆ దృశ్యాన్ని దేశమంతా చిన్న తెరల మీద చూసి గుండె పట్టుకున్నది.

ఇక మా మామ బర్రె సంగతి. 2014 నవంబరు 6న సూరత్‌లో ఢిల్లీకి లేవబోతున్న విమానం పరుగులో ఒక గేదెకు తగిలింది. 2015 డిసెంబరు 4న జబల్‌పూరులో దిగిన విమానం అడవిపందులను ఢీకొన్నది. రెండు చోట్లా ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు. అది అదృష్టమే గాని ఏర్పాటు కాదు.

తెలుగునాట గన్నవరంలో 2021 ఫిబ్రవరి 20న, దోహానుండి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం క్షేమంగా దిగింది. దిగి, నిలిచే చోటుకు నడిచేటప్పుడు దాని రెక్క ఒక దీపస్తంభానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది రన్‌వే మీద జరిగింది కాదు. కాని నేల మీద నడిచే పది నిమిషాలూ ఆకాశంలో పోయే గంట కన్నా తక్కువ జాగ్రత్త కోరేవి కావని అది గుర్తుచేసింది.

దారిని ఖాళీ చేయించడం ఎట్లా వుంటుందో చూడాలంటే బాపట్ల జిల్లాకు పోవాలి. అక్కడ కొరిశపాడు, రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారిలో సుమారు నాలుగు కిలోమీటర్ల ముక్కను అవసరమైతే విమానాలు దిగేట్టుగా కట్టారు. 2022 డిసెంబరు 29న, మళ్ళీ 2024 మార్చిలో, వాయుసేన అక్కడ పరీక్షలు జరిపింది. మామూలు రోజుల్లో లారీలు పోయే ఆ దారి ఆ పూట రన్‌వే అయింది. వాహనాలను మళ్ళించారు, మనుషులనూ పశువులనూ దూరంగా వుంచారు. దారి ఖాళీ అయిందని చెప్పిన తరువాతనే విమానాలు వచ్చాయి. చుట్టూ నిలబడి చూసిన జనానికి, రన్‌వే అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పలేనంత చక్కగా ఆ పూట అర్థమై వుంటుంది.

పైలటు పాటించవలసినవి

మన పిల్లల్లో పైలట్లు కావాలని కలలు కనేవారు ఇప్పుడు పల్లెల్లో కూడా వున్నారు. వారికోసం, వారి తల్లిదండ్రుల కోసం, అనుభవజ్ఞులు చెప్పే అయిదు నియమాలు ఇక్కడ సంగ్రహిస్తాను.

మొదటిది: కదలకముందే దారి చదవాలి. ప్రతి విమానాశ్రయానికీ పటం వుంటుంది. పొరపాట్లు తరచు జరిగే మలుపులను అందులో ప్రత్యేకంగా గుర్తించి వుంచుతారు. ఏ టాక్సీవే మూసి వున్నదో ఆ నాటి ప్రకటనల్లో చూసుకోవాలి. తెలియని వూళ్ళో పెళ్ళికి పోయేవాడు సందు పేరు ముందే అడిగి పెట్టుకున్నట్టు.

రెండవది: ఆజ్ఞను రాసుకొని పూర్తిగా అప్పజెప్పాలి. విన్నది సగం, వూహించింది సగం కాకూడదు. మనం ఏది వినాలని ఎదురుచూస్తున్నామో అదే వినపడటం మనిషి చెవికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

మూడవది: నేల మీద నడిచేటప్పుడు ఇద్దరి కళ్ళూ బయటనే వుండాలి. కబుర్లు కూడవు, కాగితాల పని కూడదు. రన్‌వే దాటబోయే ముందు, అనుమతి వున్నా సరే, రెండు వైపులా చూడాలి. గేటు తెరిచి వున్నా రైలుపట్టాల దగ్గర తల అటూ ఇటూ తిప్పి చూసే మన పల్లె రైతుకు ఈ నియమం ఎవరూ నేర్పనక్కరలేదు.

నాలుగవది: లేవబోయే ముందు ఇది నాకిచ్చిన రన్‌వేయేనా అని పలక మీది నంబరునూ, దిక్సూచినీ కలిపి చూసుకోవాలి. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారని చీకట్లో ఒక విమానం 22వ నంబరు రన్‌వే మీదికి పోవలసింది 26వ నంబరు మీదికి పోయింది. ఆ పొట్టి రన్‌వే చాలక 49 మంది మరణించారు. దిక్సూచి ముల్లు సరైన దిక్కునే చూపుతున్నది. దాన్ని నంబరుతో పోల్చి చూసినవారే లేకపోయారు.

అయిదవది అన్నిటికన్నా చిన్నదీ, అన్నిటికన్నా కష్టమైనదీ. అనుమానం వస్తే ఆగాలి. ఆగి అడగాలి. "నేను ఎక్కడ వున్నానో నాకు తెలియటం లేదు" అని రేడియోలో పదిమంది వినేటట్టు చెప్పడానికి అభిమానం అడ్డు వస్తుంది. తరగతిలో చేయి ఎత్తి "అర్థం కాలేదండీ" అనలేని విద్యార్థిని నేను రోజూ చూస్తున్నాను. అక్కడ పోయేది ఒక మార్కు. ఇక్కడ అట్లా కాదు.

ఈ నియమాలు పైలటుకే కాదు. రన్‌వే తుడిచే బండి డ్రైవరుకు, దీపాలు బాగుచేసే మేస్త్రీకి, గడ్డి కోసే కూలీకి కూడా వర్తిస్తాయి. విమానాశ్రయాలలో రన్‌వే భద్రతా బృందాలు ఏర్పరచి, పైలట్లనూ కంట్రోలర్లనూ ఈ పనివారి అధికారులనూ ఒక్కచోట కూర్చోబెట్టి, ఎక్కడ పొరపాటు జరగబోయి తప్పిందో చెప్పించుకునే పద్ధతి కూడా వున్నది. తప్పు ఒప్పుకొన్నవాణ్ణి వెంటనే శిక్షిస్తే రేపటినుండి అందరూ తప్పులు దాచుకుంటారు. దాచిన తప్పు మళ్ళీ జరుగుతుంది. ఈ సత్యం ఇల్లాళ్ళకూ, ఉపాధ్యాయులకూ తెలిసినదే.

గోడ

సంక్రాంతి సెలవుల్లో మామునూరు పోయినప్పుడు, మా మామకు ఇదంతా చెప్పాను. నులకమంచం మీద కూర్చొని, తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకొని, ఓపికగా విన్నాడు. టెనెరిఫే కథ దగ్గర ఆయన నోట మాట రాలేదు. కొంతసేపటికి, "అంటే మనిషికి మాట వున్నది. చెప్పొచ్చు, మళ్ళ అప్పజెప్పించుకోవచ్చు. అంతే గద?" అన్నాడు.

"అంతే మామా."

"మరి నా బర్రెకు అప్పజెప్పుడు రాదు గద. దానికి మాట లేదు. అందుకనే గోడ గావాలె."

నేను చదివిన పుస్తకాలేవీ ఆ మాటను అంత సూటిగా చెప్పలేదు. మాట తెలిసినవాడికి మాట, తెలియని జీవానికి గోడ. రన్‌వే భద్రత అంతా ఈ రెండింటిలోనే వున్నది. టవరులో కూర్చునేవాడూ, విమానం నడిపేవాడూ మొదటిదాన్ని కాపాడాలి. రెండవదాన్ని కాపాడవలసిన బాధ్యత మాత్రం ఆ గోడకు ఇవతల బ్రతికే మనది. దగ్గరిదారి అని గోడలో సందు చెయ్యడం, గడ్డి బాగున్నదని కంచె కింద దూడను తోలడం, ఆటకోసం పిల్లలను లోపలికి దూకనివ్వడం మనకు చిన్న సంగతులుగానే తోస్తాయి. లోపల పరుగెత్తే విమానానికి, అందులో కూర్చున్న నూటయెనభై కుటుంబాలకు, అవి చిన్నవి కావు.

నేను లేచి వస్తుంటే మామ గుమ్మం దాకా వచ్చి, దొడ్డివైపు చూపించాడు. బర్రె కొత్త పలుపుతో గుంజకు కట్టి వున్నది.

"గోడ సర్కారు కడతది లేరా అల్లుడా. దానికి కన్నం పడకుండ సూసుడు మన పని" అన్నాడు.